మరమగ్గాల నడుమ ల్యాప్‌టాప్: ఉధ్నా ఇళ్లలో సంరక్షణకు, సవరణలకు సులభ సూచనలు

సూరత్ నగర దక్షిణ భాగంలోని ఉధ్నా పారిశ్రామిక ప్రాంతం. పశ్చిమ రైల్వే ప్రధాన మార్గం నుంచి జల్‌గావ్ వైపు తపతీ లోయ మార్గం విడిపోయే కూడలి ఇదే. ఇక్కడా, పొరుగున ఉన్న లింబాయత్, డిండోలి ప్రాంతాల్లోనూ మరమగ్గాల షెడ్లు, అద్దకపు మిల్లులు విస్తరించి ఉన్నాయి. ఉమ్మడి వరంగల్, కరీంనగర్, నల్లగొండ జిల్లాల నుంచి దశాబ్దాల కిందట వలస వచ్చిన చేనేత కుటుంబాలు వేల సంఖ్యలో ఈ ప్రాంతాల్లో స్థిరపడ్డాయి. వారి పిల్లల కోసం సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను కూడా నిర్వహిస్తోంది.

ఇలాంటి ఇళ్లలో ల్యాప్‌టాప్ సాధారణంగా ఒక్కటే ఉంటుంది. తండ్రి చీరల లెక్కలు, కూతురి కళాశాల పాఠాలు, కొడుకు ఉద్యోగ దరఖాస్తులు, ఊరిలోని భూమి పత్రాల నకళ్లు అన్నీ అందులోనే ఉంటాయి. అది పాడైతే మరమ్మతు ఖర్చుతోపాటు పరీక్ష దరఖాస్తు గడువు దాటిపోవడం, పత్రాలు చేజారడం వంటి నష్టాలూ కలుగుతాయి. కాస్త శ్రద్ధ తీసుకుంటే ఈ నష్టాలలో అధిక భాగాన్ని ఇంట్లోనే, దాదాపు ఖర్చు లేకుండా నివారించవచ్చు.

దుమ్ము, పోగుల సమస్య

మగ్గాల ప్రాంతంలో గాలిలో తేలే దుమ్ముకు ఒక ప్రత్యేకత ఉంది. అందులో మట్టి రేణువులతోపాటు దారం నుంచి రాలిన సన్నని పోగులు కూడా ఉంటాయి. ల్యాప్‌టాప్ లోపలి ఫ్యాను అడుగుభాగంలోని రంధ్రాల ద్వారా గాలిని లోపలికి లాగి, పక్క నుంచో వెనుక నుంచో బయటికి పంపుతుంది. ఆ గాలితో వెళ్లిన పోగులు ఫ్యాను పక్కనుండే లోహపు రేకుల సందుల్లో చిక్కుకుని క్రమంగా పలుచని దూది పొరలా అల్లుకుంటాయి. వేడిగాలి బయటికి రావడం తగ్గుతుంది. వేడి పెరిగితే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగాన్ని తగ్గించుకుంటుంది. ‘కంప్యూటర్ నెమ్మదించింది’ అనే ఫిర్యాదుకు అనేక సందర్భాల్లో మూలం ఇదే. ఫ్యాను ఎప్పుడూ పెద్దగా మోగుతున్నా, పక్క రంధ్రాల నుంచి గాలి బలహీనంగా వస్తున్నా శుభ్రం చేయవలసిన సమయం వచ్చిందని గ్రహించాలి.

వారానికి ఒకసారి యంత్రాన్ని పూర్తిగా ఆపి, చార్జర్ తీసి, గాలి రంధ్రాలను మెత్తని పొడి బ్రష్‌తో తుడవాలి. కీబోర్డును ఏటవాలుగా పట్టుకుని మెల్లగా తట్టితే పైపైన ఉన్న పోగులు రాలిపోతాయి. తెరను మైక్రోఫైబర్ గుడ్డతోనే తుడవాలి. అవసరమైతే ఆ గుడ్డను శుభ్రమైన నీటితో కొద్దిగా తడపవచ్చు గాని, ద్రవాన్ని నేరుగా తెరపై చల్లరాదు. గాజు కిటికీలు తుడిచే ద్రావణాలు తెర పై పూతను దెబ్బతీయవచ్చు. మీటల జిడ్డును తొలగించడానికి 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కొద్దిగా తడిపిన గుడ్డ సరిపోతుంది.

మగ్గాల షెడ్డులో కంప్రెసర్ గాలి అందుబాటులో ఉంటుంది కాబట్టి దానితోనే ల్యాప్‌టాప్‌ను ఊదాలని కొందరికి అనిపించవచ్చు. అది ప్రమాదకరం. పారిశ్రామిక కంప్రెసర్ గాలి ఒత్తిడి చాలా ఎక్కువ. అందులో నీటి తుంపరలు, నూనె రేణువులు కూడా ఉండవచ్చు. గాలి తాకిడికి ఫ్యాను విపరీత వేగంతో తిరిగి బేరింగులు చెడిపోతాయి. చేతితో నొక్కి గాలి ఊదే రబ్బరు బ్లోయర్ తక్కువ ధరకే దొరుకుతుంది. ఇంటి అవసరానికి అది చాలు. అడుగు మూత తీసి లోపల శుభ్రం చేయించడం, ప్రాసెసర్‌పై ఎండిపోయిన థర్మల్ పేస్టు మార్పించడం అనుభవజ్ఞుడైన మెకానిక్ పని. పోగులు ఎక్కువగా ఉన్న ప్రదేశాల్లో ఏడాదికి ఒకసారి లోపలి శుభ్రత చేయించడం మేలు.

వేడి, తేమ, ఒలికిన చాయ్

ల్యాప్‌టాప్‌ను పరుపు, దిండు, దుప్పటిపై పెట్టి వాడితే అడుగు రంధ్రాలు మూసుకుపోతాయి. గట్టి బల్లపై, లేదా చెక్క పలకపై ఉంచి వాడాలి. వెనుక భాగం అంగుళం ఎత్తుగా ఉంటే గాలి ప్రసరణ మరింత మెరుగవుతుంది. అనేక తయారీ సంస్థలు 35 డిగ్రీల సెల్సియస్ లోపు గది ఉష్ణోగ్రతను సిఫారసు చేస్తాయి. వేసవిలో రేకుల కప్పు కింద మధ్యాహ్నం వేళ వేడి ఆ పరిమితిని సులభంగా దాటుతుంది. బరువైన పనులను ఉదయానికో రాత్రికో మార్చుకోవడం ఒక ఉపాయం. ఎండలో నిలిపిన వాహనంలో ల్యాప్‌టాప్‌ను వదిలి వెళ్లరాదు.

సూరత్ సముద్రానికి చేరువలోని నగరం. వర్షాకాలంలో గాలిలో తేమ అధికం. చాలా రోజులు వాడకుండా మూసి ఉంచిన యంత్రం లోపల తేమ చేరి లోహపు కలపులకు తుప్పు పట్టే అవకాశం ఉంది. వారంలో రెండు మూడు సార్లయినా అరగంట సేపు వాడితే లోపలి వేడి తేమను తగ్గిస్తుంది. సంచిలో సిలికా జెల్ పొట్లాలు ఉంచడం కూడా ఉపయోగకరం. వర్షంలో తడిసిన సంచిలోంచి తీసిన వెంటనే యంత్రాన్ని ప్రారంభించరాదు.

కీబోర్డుపై చాయ్ లేదా నీరు ఒలికితే తొలి నిమిషమే కీలకం. చార్జర్ ప్లగ్గును గోడ వద్ద తీసి, పవర్ మీటను యంత్రం ఆగేవరకు నొక్కి పట్టాలి. తెరను తెరిచి, కీబోర్డు కిందికి ఉండేలా బోర్లించి ద్రవం కారిపోనివ్వాలి. బ్యాటరీ బయటికి వచ్చే రకమైతే తీసివేయాలి. ‘పని చేస్తుందో లేదో చూద్దాం’ అని మళ్లీ ప్రారంభించడం వల్లే ఎక్కువ నష్టం జరుగుతుంది. బియ్యంలో పెట్టడం, హెయిర్ డ్రయర్‌తో వేడి గాలి ఊదడం మేలు చేయవు. పాలు, చక్కెర కలిసిన చాయ్ ఆరిన తరువాత కూడా లోపల జిగురుగా మిగిలి తుప్పుకు దారితీస్తుంది. అందువల్ల బయటికి ఆరినట్లు కనిపించినా మెకానిక్‌తో లోపల శుభ్రం చేయించాకే ప్రారంభించాలి.

విద్యుత్తు, చార్జర్

గృహాలకు అందే విద్యుత్తు ప్రామాణికంగా 230 వోల్టులు. పెద్ద మోటార్లు ఒకేసారి మొదలైనప్పుడు, ఆగినప్పుడు వోల్టేజిలో ఒడిదుడుకులు వస్తాయి. ల్యాప్‌టాప్ చార్జర్లు సాధారణంగా 100 నుంచి 240 వోల్టుల వరకు తట్టుకుంటాయి గాని, క్షణకాలంలో ఎగసే అధిక వోల్టేజి వాటిని కాల్చివేయగలదు. సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న బోర్డును వాడటం, ఉరుముల సమయంలో ప్లగ్గు తీసివేయడం మంచిది. లోహపు పైభాగాన్ని తాకినప్పుడు చేతికి సన్నని జివ్వుమనే స్పర్శ తగిలితే ఇంటి ఎర్తింగ్‌ను ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించాలి. మూడు పిన్నుల ప్లగ్గులో మూడో పిన్నును విరిచి రెండు రంధ్రాల సాకెట్‌లో వాడటం ప్రాణాపాయం.

కొత్త చార్జర్ కొనేటప్పుడు పాతదాని వెనుక ముద్రించిన వివరాలు చూడాలి. వోల్టేజి సంఖ్య సరిగ్గా అదే ఉండాలి. ఆంపియర్ల సంఖ్య సమానంగా గాని, అంతకంటే ఎక్కువగా గాని ఉండవచ్చు; తక్కువగా ఉండరాదు. పిన్ను కొలతతోపాటు ధ్రువాల గుర్తు కూడా సరిపోవాలి. యూఎస్‌బీ సీ రకం చార్జర్లలో వోల్టేజిని యంత్రం, చార్జర్ పరస్పరం నిర్ణయించుకుంటాయి కాబట్టి అక్కడ వాట్ల సామర్థ్యాన్ని చూసుకుంటే చాలు. చార్జర్లపైన, బ్యాటరీలపైన భారతీయ ప్రమాణాల బ్యూరో గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉండాలి. అవి లేని వస్తువు ఎంత చౌక అయినా తీసుకోకపోవడమే క్షేమం.

బ్యాటరీ ఆయుష్షు

నేటి ల్యాప్‌టాప్‌లలో లిథియం అయాన్ బ్యాటరీలు ఉంటాయి. 1991లో వ్యాపార స్థాయిలో మార్కెట్‌లోకి వచ్చిన ఈ బ్యాటరీల అభివృద్ధికి గాను ముగ్గురు శాస్త్రవేత్తలకు 2019లో రసాయన శాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. వీటికి రెండు స్థితులు పడవు. ఒకటి అధిక వేడి, రెండోది చాలాకాలం పూర్తి చార్జ్‌తో గాని, పూర్తి ఖాళీగా గాని ఉండటం. నిత్య వాడకంలో చార్జ్ 20 నుంచి 80 శాతం మధ్య ఉంచడం ఆయుష్షును పెంచుతుంది. ఎల్లప్పుడూ ప్లగ్గుకు కలిపి వాడేవారి కోసం పలు తయారీ సంస్థలు 80 శాతం వద్ద చార్జింగ్ ఆపే ఏర్పాటును తమ సాఫ్ట్‌వేర్‌లో ఇస్తున్నాయి. దానిని ఒకసారి అమర్చుకుంటే మళ్లీ గుర్తుంచుకోవలసిన పని ఉండదు. పండుగకు నెల రోజులు సొంతూరు వెళ్లేటప్పుడు సగం చార్జ్‌తో యంత్రాన్ని పూర్తిగా ఆపి చల్లని చోట ఉంచాలి.

విండోస్ యంత్రాల్లో బ్యాటరీ ఆరోగ్యాన్ని స్వయంగా తెలుసుకోవచ్చు. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఇంగ్లిష్ అక్షరాలలో ‘పవర్‌సీఎఫ్‌జీ’ అని రాసి, ఒక ఖాళీ విడిచి, స్లాష్ గుర్తు వెంటనే ‘బ్యాటరీరిపోర్ట్’ అని కలిపి రాసి ఎంటర్ నొక్కితే నివేదిక తయారవుతుంది. అందులో తయారైనప్పటి సామర్థ్యం, ప్రస్తుత పూర్తి చార్జ్ సామర్థ్యం పక్కపక్కన కనిపిస్తాయి. రెండో సంఖ్య మొదటిదానిలో సగానికి పడిపోతే బ్యాటరీ మార్పు గురించి ఆలోచించవచ్చు.

ల్యాప్‌టాప్ అడుగు ఉబ్బినా, టచ్‌ప్యాడ్ పైకి లేచినా, మూత సరిగా మూసుకోకపోయినా బ్యాటరీ ఉబ్బిందని అనుమానించాలి. అలాంటి యంత్రాన్ని వెంటనే ఆపి, చార్జింగ్ మాని, సేవా కేంద్రానికి అందజేయాలి. ఉబ్బిన బ్యాటరీని గుచ్చడం, నొక్కడం, ఇంట్లో విప్పడం మంటలకు దారితీయగలదు. బట్టల తానులు, నూలు కండెలు నిల్వ ఉండే ఇళ్లలో ఈ జాగ్రత్త మరింత అవసరం.

కంపనాలు, నిల్వ పరికరం, మెమరీ

పాత ల్యాప్‌టాప్‌లలోని హార్డ్ డిస్క్‌లో పళ్లెం నిమిషానికి సాధారణంగా 5,400 సార్లు తిరుగుతూ ఉంటుంది. దానిపై అతి స్వల్ప ఎత్తులో ఒక సూది వంటి భాగం తేలుతూ సమాచారాన్ని చదువుతుంది. మగ్గాల అదురు నేల ద్వారా, బల్ల ద్వారా నిరంతరం తగిలే చోట ఈ రకం డిస్క్ దెబ్బతినే అవకాశం ఎక్కువ. షెడ్డు కార్యాలయంలో లెక్కలకు వాడే యంత్రాన్ని మందపాటి రబ్బరు పలకపై ఉంచాలి. నడుస్తుండగా దానిని ఎత్తి వేరే చోటికి తీసుకువెళ్లరాదు. ‘టిక్ టిక్’ శబ్దం వినిపిస్తే ఆలస్యం చేయకుండా ముఖ్యమైన ఫైళ్లను మరోచోటికి నకలు చేసుకోవాలి.

కదిలే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీకి మారడం పాత ల్యాప్‌టాప్‌కు చేయదగిన అత్యంత ఫలవంతమైన సవరణ. సాటా రకం ఎస్‌ఎస్‌డీ సెకనుకు సుమారు 500 మెగాబైట్ల వేగంతో చదవగలదు. పాత హార్డ్ డిస్క్ వేగం దాదాపు 100 మెగాబైట్లే. ప్రారంభం కావడానికి నిమిషాలు తీసుకునే యంత్రం ఆ తరువాత సెకన్లలో సిద్ధమవుతుంది. కొనడానికి ముందు తమ మోడల్‌కు రెండున్నర అంగుళాల సాటా రకం సరిపోతుందో, ఎం.2 రకం సరిపోతుందో నిర్ధారించుకోవాలి.

ర్యామ్ పెంచే ముందు టాస్క్ మేనేజర్‌లో మెమరీ వాడకాన్ని పరిశీలించాలి. రోజువారీ పనిలోనే అది 80, 90 శాతం దాటుతుంటే పెంపు ఉపయోగపడుతుంది. డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 రకాలు ఒకదాని స్థానంలో ఒకటి అమరవు. పలుచని కొత్త మోడళ్లలో ర్యామ్ మదర్‌బోర్డుకే అతికి ఉంటుంది కాబట్టి తరువాత పెంచే వీలుండదు. అలాంటివి కొనేటప్పుడే తగినంత మెమరీ ఉన్నదానిని ఎంచుకోవాలి.

పాత విండోస్ ఉన్నవారు చేయవలసింది

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. వ్యక్తిగత వినియోగదారులు ప్రత్యేకంగా నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 వరకు భద్రతా సవరణలు అందే ఏర్పాటును ఆ సంస్థ కల్పించింది. మద్దతు ముగిసిన యంత్రం పనిచేయడం ఆగిపోదు. కానీ కొత్తగా బయటపడే లోపాలకు మరమ్మతు అందదు కాబట్టి బ్యాంకు లావాదేవీలకు అది సురక్షితం కాదు.

విండోస్ 11కు టీపీఎం 2.0 భద్రతా చిప్, కనీసం 4 గిగాబైట్ల ర్యామ్, 64 గిగాబైట్ల నిల్వ, మద్దతు జాబితాలోని ప్రాసెసర్ ఉండాలి. ఇంటెల్‌లో ఎనిమిదో తరానికి ముందువి దాదాపుగా ఆ జాబితాలో లేవు. అలాంటి యంత్రాలకు ఉబుంటు, లినక్స్ మింట్ వంటి ఉచిత వ్యవస్థలు మరికొన్నేళ్ల ఆయుష్షునిస్తాయి. వాటిని పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూసి, వై-ఫై, ప్రింటర్, తెలుగు అక్షరాలు సరిగా పనిచేస్తున్నాయని తేలాకే స్థాపించుకోవచ్చు.

ఏ వ్యవస్థలోనైనా నిత్య వాడకానికి సాధారణ ఖాతా, సాఫ్ట్‌వేర్ స్థాపనకు అడ్మినిస్ట్రేటర్ ఖాతా వేరుగా ఉండటం మంచిది. పిల్లలకు వేరే ఖాతా ఇస్తే లెక్కల ఫైళ్లు పొరపాటున చెరిగిపోవు. యంత్రం ప్రారంభంతోపాటు తమంతట తామే మొదలయ్యే ప్రోగ్రాములను టాస్క్ మేనేజర్‌లోని స్టార్టప్ విభాగంలో ఆపితే వేగం పెరుగుతుంది.

తెలుగులో పనిచేయడం

సొంత భాషలో రాయగలగడం అన్ని సవరణల్లోకీ విలువైనది. విండోస్ సెట్టింగులలో ‘టైమ్ అండ్ లాంగ్వేజ్’ విభాగంలోకి వెళ్లి తెలుగును చేర్చాలి. అప్పుడు రెండు రకాల కీబోర్డులు లభిస్తాయి. ఇన్‌స్క్రిప్ట్ అమరికలో అచ్చులు ఎడమవైపు, హల్లులు కుడివైపు ఉంటాయి. ఈ అమరిక భారతీయ భాషలన్నింటికీ ఒకే క్రమంలో ఉంటుంది కాబట్టి, తెలుగులో నేర్చుకున్న చేతికి గుజరాతీ, హిందీ టైపింగ్ కూడా త్వరగా పట్టుబడుతుంది. సూరత్‌లో ఉద్యోగం చూసుకునే యువతకు ఇది కలిసివచ్చే అంశం. రెండోది ఫొనెటిక్ కీబోర్డు. ఇంగ్లిష్ అక్షరాలతో ఉచ్చారణను రాస్తే తెలుగుగా మారుతుంది. 2019 మే నెల నవీకరణతో ఇది తెలుగు, గుజరాతీలతో సహా పది భారతీయ భాషలకు విండోస్‌లో చేరింది. విండోస్ మీట, స్పేస్ బార్ కలిపి నొక్కితే ఒక భాష నుంచి మరో భాషకు మారవచ్చు.

డీటీపీ దుకాణాల్లో ఇప్పటికీ అను వంటి పాత ఫాంట్లతో టైపు చేయడం ఉంది. ఆ ఫైలు ఆ ఫాంట్ లేని యంత్రంలో అర్థంకాని గుర్తులుగా కనిపిస్తుంది. పెళ్లిపత్రికకు అది ఫర్వాలేదు గాని, దరఖాస్తులు, వినతిపత్రాలు యూనికోడ్‌లోనే ఉండాలి. మండలి, రామభద్ర, సూరన్న, తిమ్మన వంటి యూనికోడ్ తెలుగు ఫాంట్లు ఉచితంగా లభిస్తున్నాయి.

వయసు మళ్లిన వారి కోసం అక్షరాల పరిమాణాన్ని 125 లేదా 150 శాతానికి పెంచవచ్చు. రాత్రి చదువుకునే పిల్లల కోసం నైట్ లైట్ అమరికను సూర్యాస్తమయానికి మొదలయ్యేలా చేయవచ్చు. తెర వెలుగు తగ్గిస్తే కంటికి హాయితోపాటు బ్యాటరీ కూడా ఎక్కువసేపు నిలుస్తుంది.

నకళ్లు: 2006 వరద పాఠం

2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుంచి భారీగా నీటిని విడుదల చేయడంతో తాపీ నది పొంగి సూరత్ నగరంలో అధిక భాగం జలమయమైంది. ఇళ్లలోని కాగితాలు, దుకాణాల ఖాతా పుస్తకాలు, యంత్రాలు నీట మునిగాయి. అదే చోట ఉంచిన నకలు అసలుతోపాటే పోతుందన్నది ఆ వరద మిగిల్చిన పాఠం.

సమాచార భద్రతలో ‘మూడు, రెండు, ఒకటి’ అనే సూత్రం ప్రసిద్ధం. ముఖ్యమైన ఫైలుకు మూడు ప్రతులు ఉండాలి. అవి రెండు వేర్వేరు రకాల సాధనాలపై ఉండాలి. వాటిలో ఒకటి ఇంటికి దూరంగా ఉండాలి. ల్యాప్‌టాప్‌లో ఒకటి, బయటి డిస్క్‌లో ఒకటి, క్లౌడ్‌లో ఒకటి ఉంటే సూత్రం నెరవేరినట్లే. సొంతూరిలోని బంధువుల వద్ద భద్రపరచిన డిస్క్ కూడా దూరపు ప్రతిగా పనికివస్తుంది. అందులో వ్యక్తిగత పత్రాలు ఉంటే పాస్‌వర్డ్‌తో రక్షించాలి. మార్కుల పత్రాలు, డ్రైవింగ్ లైసెన్స్ వంటివి డిజిలాకర్‌లో ఉంటే యంత్రం పోయినా తిరిగి పొందవచ్చు. నెలకు ఒకసారి నకలులోని ఒక ఫైలును తెరిచి చూడాలి. తెరుచుకోని నకలు ఉన్నా లేనట్లే.

మరమ్మతుకు ఇచ్చే ముందు

దుకాణానికి ఇవ్వడానికి ముందు నకలు తీసుకుని, బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డుల నుంచి, ఈమెయిల్ నుంచి బయటికి రావాలి. యంత్రం సీరియల్ సంఖ్య, లోపలి ర్యామ్, ఎస్‌ఎస్‌డీ సామర్థ్యం రసీదుపై రాయించుకోవాలి. మార్చిన పాత భాగాన్ని తిరిగి అడగడం వినియోగదారు హక్కుగా భావించాలి. కొత్త విండోస్ యంత్రాల్లో డిస్క్ తనంతట తానే ఎన్‌క్రిప్ట్ అయి ఉండవచ్చు. మదర్‌బోర్డు మార్చాక బిట్‌లాకర్ రికవరీ కీ అడుగుతుంది. 48 అంకెల ఆ సంఖ్యను ముందే మైక్రోసాఫ్ట్ ఖాతా నుంచి తీసి కాగితంపై రాసి దాచుకోవాలి. అది లేకపోతే ఏ మెకానిక్ కూడా ఫైళ్లను వెలికితీయలేడు.

తెర నిండా హెచ్చరిక కనిపించి, ‘మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది, ఈ నంబరుకు ఫోన్ చేయండి’ అని వస్తే అది మోసం. ఆ నంబరుకు ఫోన్ చేయరాదు. చెప్పిన యాప్ స్థాపించరాదు. బ్రౌజర్‌ను మూసివేయాలి, వీలుకాకపోతే యంత్రాన్ని ఆపివేయాలి. డబ్బు పోయిన పక్షంలో వెంటనే జాతీయ సైబర్ నేరాల సహాయ సంఖ్య 1930కు ఫోన్ చేయాలి. ఎంత త్వరగా తెలిపితే సొమ్మును నిలిపివేసే అవకాశం అంత ఎక్కువ.

పాత యంత్రం వదిలించుకునేటప్పుడు

ల్యాప్‌టాప్‌ను అమ్మే ముందు ఫైళ్లను చెరిపివేస్తే సరిపోదు. రీసెట్ చేసేటప్పుడు డ్రైవ్‌ను పూర్తిగా శుభ్రం చేసే ఎంపికను ఎంచుకోవాలి. పనికిరాని యంత్రాన్ని, ప్రత్యేకించి బ్యాటరీని పాత ఇనుము కొనేవారికి తూకానికి ఇవ్వరాదు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఎలక్ట్రానిక్ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు వ్యర్థాల పునశ్చక్రీకరణ బాధ్యతను తయారీదారులపై ఉంచాయి. తయారీ సంస్థ వెబ్‌సైట్‌లో సేకరణ కేంద్రాల వివరాలు చూసుకోవచ్చు.

గుర్తుంచుకోవలసిన క్రమం

వారానికి ఒకసారి: గాలి రంధ్రాలు, కీబోర్డు, తెర శుభ్రం చేయాలి. యంత్రాన్ని ఒకసారి పూర్తిగా ఆపి తిరిగి ప్రారంభించాలి.

నెలకు ఒకసారి: ముఖ్యమైన ఫైళ్లకు నకలు తీయాలి, దానిని తెరిచి చూడాలి. భద్రతా నవీకరణలు పూర్తయ్యాయో లేదో పరిశీలించాలి.

మూడు నెలలకు ఒకసారి: బ్యాటరీ నివేదిక చూడాలి. చార్జర్ తీగ ఎక్కడైనా చిట్లిందేమో గమనించాలి. వాడని ప్రోగ్రాములు తొలగించాలి.

ఏడాదికి ఒకసారి: లోపలి ఫ్యానును నమ్మకమైన మెకానిక్‌తో శుభ్రం చేయించాలి. వర్షాకాలానికి ముందే ఈ పని పూర్తిచేసుకుని, దూరపు ప్రతిని కూడా అప్పుడే తాజా చేసుకుంటే రెండు పనులూ ఒకేసారి తీరుతాయి.